మాయా నగరంలో ఇల్లు: టికాల్ మేలా, మాయాపాన్ మేలా?

మాయా అంటే మధ్య అమెరికాలోని ఒక పాత జాతి. వాళ్లు కట్టుకున్న నగరాల్లో, గ్వాటెమాలా అడవుల్లోని టికాల్ 8వ శతాబ్దంలో ఒక వెలుగు వెలిగింది. అక్కడ మామూలు కుటుంబానిది ఒక్క ఇల్లు కాదు. మధ్యలో వాకిలి, దాని చుట్టూ అరుగుల మీద కట్టిన రెండు మూడు చిన్న ఇళ్లు. మన మండువా లోగిలిలో అందరిదీ ఒకటే కప్పు. అక్కడ కప్పులు వేరు, వాకిలి మాత్రం ఉమ్మడి. ప్రహరీ లేదు. ఒక వాకిలికీ ఇంకో వాకిలికీ మధ్య ఖాళీ జాగాలో పెరటి తోటలు వేసుకునేవారని అంచనా.

మరి ఈ జాగా ఎవరిదో తేలేదెలా? చాలా వాకిళ్లలో తూర్పు వైపు చిన్న గుడి లాంటి కట్టడం ఉంటుంది. దాని కింద ఇంటి పెద్దల సమాధులు. కొందరినైతే ఉండే ఇంట్లోనే నేల కింద పూడ్చేవారు. తాత ఇక్కడే ఉన్నాడు కాబట్టి ఈ నేల మాది అని చెప్పుకోవడానికే ఇదంతా అని చాలామంది పురావస్తు నిపుణులు అంటారు. నాకూ అదే సబబు అనిపిస్తుంది.

మెక్సికోలోని యుకతాన్ ద్వీపకల్పంలో ఉన్న మాయాపాన్ 13 నుంచి 15వ శతాబ్దం దాకా నడిచిన నగరం. చుట్టూ 9 కిలోమీటర్ల ప్రాకారం, లోపల దాదాపు 4,000 కట్టడాలు. ఇంటి జాగాల చుట్టూ అడుసు లేకుండా పేర్చిన రాతి గోడలు, గోడల మధ్య వంకరటింకర సందులు. అంతకు చాలా ముందే యుకతాన్‌లోని ఇంకో మాయా నగరం చున్‌చుక్‌మిల్‌లోనూ ఇదే తీరు. అక్కడ నేల మరీ పలచన, అంతమందికి సరిపడా పంట పండదు, అందుకే వ్యాపారం మీద బతికారు. అంత ఇరుకులో గోడ లేకపోతే రోజూ హద్దు తగాదాలే!

అలాగని గోడ కనబడగానే సొంత ఆస్తి అనేయలేం. గోడ ఇంటి జాగా వరకే, పొలం ఊసు అందులో లేదు. 16వ శతాబ్దంలో యుకతాన్‌లో ఉన్న స్పెయిన్ మతగురువు దియెగో దె లాందా, భూములు ఉమ్మడివని, ముందు ఎవరు పట్టుకుంటే వాళ్లవేనని రాశాడు. పెరటికి గోడ కట్టుకున్న జనమే పొలాన్ని అలా వదిలేశారన్నమాట.

చేతిపనో వ్యాపారమో చేసుకునేవాడికి మాయాపాన్ నయం. ఇంటి పక్కనే నాలుగు మొక్కలు వేసుకోవాలనుకునేవాడికి నా ఓటు టికాల్‌కే. కాకపోతే టికాల్ వాకిళ్లలో తరచూ ఒక ఇల్లు మిగతావాటికన్నా పెద్దది, తూర్పు గుడి కింద చోటు కూడా అందరికీ దక్కలేదు. ఉమ్మడి వాకిలి అన్నంత మాత్రాన తమ్ముడికి సమాన వాటా ఉందనుకోవద్దు. మాయాపాన్‌లోనూ ఒకే గోడ లోపల రెండు మూడు ఇళ్లున్న జాగాలు ఉన్నాయి కాబట్టి, పెద్దన్న పెత్తనం అక్కడా తప్పి ఉండదు.