ఎమీలియో ‘లైఫ్ ఈజ్ గుడ్’: నల్లగొండలో విన్న టెక్సాస్ గొంతు

టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోలో 1962లో పుట్టిన ఎమీలియో నవైరా, టెక్సాస్‌లోని మెక్సికన్ మూలాలవారు స్పానిష్‌లో పాడే టెహానో సంగీతంలో అప్పటికే పేరు గడించి, 1995లో వెలువరించిన తొలి ఆంగ్ల కంట్రీ (అమెరికా పల్లె పాటల్లోంచి పుట్టిన సంగీతం) ఆల్బమ్ ఇది. దేవరకొండ బస్సులో కిటికీ పక్కన కూర్చుని మొదటిసారి విన్నాను. అద్దాలు గడగడలాడుతున్నా ఆయన గొంతు విడిగా వినిపించింది.

టెహానోకు ప్రాణం అకార్డియన్. జర్మన్, చెక్ వలసదారులతో టెక్సాస్ చేరిన ఆ వాద్యం మన భజన మండళ్ల హార్మోనియానికి దగ్గరి చుట్టం. రెండింటిలోనూ గాలికి రేకులు కంపించి స్వరం పలుకుతుంది. ఆ తీపి కోసమే ఈ ఆల్బమ్ పెట్టుకున్న నాకు, కంట్రీ సంగీతానికి కేంద్రమైన నాష్‌విల్ నగరపు నగిషీయే ఎక్కువగా వినిపించడం కొంత నిరాశ కలిగించింది. వాద్యాలు శుభ్రంగానే ఉన్నాయి, కానీ పెళ్లి పందిట్లో నలుగురినీ లేపి ఆడించే టెహానో ఊపు వాటిలో తగ్గింది.

అయితే గాయకుడిని తప్పుపట్టలేను. నెమ్మదైన పాటల్లో, ముఖ్యంగా చరణం చివర, ఆయన గొంతు పెంచకుండా మాటను కాస్త సాగదీసి వదిలే తీరు కోసం నేను పాటను వెనక్కి తిప్పి మళ్లీ విన్నాను. కంట్రీకి కొత్తవారు దీనితో నిస్సంకోచంగా మొదలుపెట్టవచ్చు. అకార్డియన్ కావాలనుకునేవారు మాత్రం ముందుగా ఆయన స్పానిష్ పాటలు వినాలి.