పాలమూరు వైపు వాళ్లకు నోవా స్పేస్ వెదర్ ఫోర్‌కాస్ట్ ఎంతవరకు పనికొస్తుంది?

సరదాకి సొంత రేడియో సెట్లతో దూరాలకు మాట్లాడే హ్యామ్ రేడియో వాళ్లూ, జీపీఎస్‌తో భూముల సర్వే చేసేవాళ్లూ రోజూ చూడాల్సింది ఇది. సూర్యుడి వల్ల భూమి చుట్టూ ఏం మార్పులు రావొచ్చో (దాన్నే స్పేస్ వెదర్ అంటారు) అమెరికాలోని బౌల్డర్ నుంచి నోవా (అక్కడి ప్రభుత్వ వాతావరణ, సముద్ర సంస్థ) వాళ్ల స్పేస్ వెదర్ సెంటర్ ఇచ్చే మూడు రోజుల ఫోర్‌కాస్ట్. డబ్బులు లేవు, లాగిన్ లేదు, ఉత్త టెక్స్ట్ పేజీ కాబట్టి దేవరకద్ర దాటాక సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్నచోట కూడా తెరుచుకుంటుంది. మన టైం ప్రకారం పొద్దున ఆరుకీ సాయంత్రం ఆరుకీ కొత్తది వస్తుంది. కాకపోతే టైములన్నీ యూటీసీలో (ప్రపంచమంతా వాడే ఉమ్మడి టైం) ఉంటాయి, అయిదున్నర గంటలు కలుపుకోవాలి.

అందరూ ముందు కేపీ అంకె చూస్తారు, భూమి అయస్కాంత క్షేత్రం ఎంత అల్లాడుతోందో చెప్పేది అది. 0 నుంచి 9 దాకా ఉంటుంది, 5కి చేరితే జీ1 అయస్కాంత తుఫాను అంటారు, అన్నిటికన్నా పెద్దది జీ5. దాని గురించి మనం అంత టెన్షన్ పడక్కర్లేదు, ఎందుకంటే ఆ అంకె ఎక్కువగా మనకన్నా బాగా ఉత్తరానో దక్షిణానో ఉన్న కేంద్రాల కొలతల నుంచి వస్తుంది, మనమేమో అయస్కాంత మధ్యరేఖకు దగ్గర. మనం చూడాల్సింది ఆర్ స్కేలు, అంటే రేడియో సిగ్నల్ ఎంత దెబ్బతింటుందో చెప్పే కొలత. సూర్యుడి మీద ఫ్లేర్, అంటే పెద్ద పేలుడు, లేస్తే ఎక్స్ కిరణాలు ఎనిమిది నిమిషాల్లో వచ్చి పడతాయి, పగలున్న వైపు ఆకాశంలో కింది పొర షార్ట్‌వేవ్ సిగ్నల్‌ని మింగేస్తుంది. ఫ్లేర్ల బలాన్ని ఎం, ఎక్స్ అని చెబుతారు, ఎక్స్ పెద్దది. ఎం1 ఫ్లేర్ అయితే ఆర్1, ఎక్స్1 అయితే ఆర్3. రాత్రి వచ్చింది మనకు తగలదు, అందుకే టైం చూసుకోవాలి. కెనడాలోని పెంటిక్టన్ దగ్గర కొలిచే 10.7 సెంటీమీటర్ల రేడియో ఫ్లక్స్ (సూర్యుడి నుంచి వచ్చే రేడియో తరంగాల బలం) కూడా చూడండి. అది కొన్ని రోజులపాటు 150 పైన నిలబడిందంటే పది మీటర్ల బ్యాండ్ మీద దూరదేశాలు బాగా దొరుకుతాయి.

2024 మే సంగతి చెప్పాలి. ఇక్కడ లోక్‌సభ ఎన్నికల హడావిడి, ఇంకోవైపు సౌర తుఫాను వస్తోంది, ఫోన్లు ఆఫ్ చేసుకోమని వాట్సాప్‌లో మెసేజ్‌లు. నోవా వాళ్లు మాత్రం 9వ తేదీనే జీ4 హెచ్చరిక ఇచ్చారు, 10 రాత్రి పదిన్నర దాటాక తుఫాను తగిలింది, తెల్లారేలోపు జీ5 అయింది. 2003 అక్టోబర్ తర్వాత అదే మొదటి జీ5. ఒక మెట్టు తక్కువ చెప్పారని కొందరు అన్నారు, అది న్యాయం కాదు. తుఫాను తెచ్చేది సూర్యుడు విసిరే వాయు మేఘం, దాంట్లో అయస్కాంత దిశ ఎటుందో 15 లక్షల కిలోమీటర్ల దూరంలో, మన ఆదిత్య ఎల్1 ఉన్న చోటికి, వచ్చేదాకా ఎవరికీ తెలియదు. అక్కడి నుంచి మన దగ్గరికి గంటలోపే.

నాకు నిజంగా లోటనిపించేది వేరే. మార్చి, సెప్టెంబర్ నెలల్లో పొద్దుగూకాక మన దగ్గర జీపీఎస్ సిగ్నల్ తెగ ఊగుతుంది, కేపీ 1 ఉన్నా సరే. ఆ మూడు రోజుల పట్టికలో దాని ఊసే ఉండదు. సర్వే పనులు ఆ నెలల్లో చీకటి పడకముందే ముగించుకోవడం మంచిది. అందుకే 5కి 4 ఇస్తున్నా.

ఇంకోటి, చౌటుప్పల్‌లో ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) వాళ్ల అయస్కాంత పరిశీలన కేంద్రం ఉంది, దాని కొలతలు ఇలాంటి కేంద్రాల అంతర్జాతీయ నెట్‌వర్క్ అయిన ఇంటర్‌మాగ్నెట్‌లో దొరుకుతాయి. కేపీ పెరిగిన రోజు ఆ గీతను కూడా పక్కన పెట్టుకుని చూడండి, మన నేల మీద ఎంత కదిలిందో తెలుస్తుంది.