క్యాన్ బస్సా, టైమ్ ట్రిగర్డ్ పద్ధతా?

కారులోనో విమానంలోనో ఒకే తీగల జత మీద పది ఎలక్ట్రానిక్ కంట్రోల్ బోర్డులు మాట్లాడుకోవాలి, మరి ముందు ఎవరు మాట్లాడాలి? డిస్ట్రిబ్యూటెడ్ కంట్రోల్‌లో, అంటే ఒకే యంత్రాన్ని చాలా బోర్డులు కలిసి నడిపే చోట, అసలు పేచీ ఇదే.

బాష్ కంపెనీ 1986లో బయటపెట్టిన క్యాన్ (కంట్రోలర్ ఏరియా నెట్‌వర్క్) బస్‌లో, బస్ అంటే ఆ ఉమ్మడి తీగలే, పని పడ్డ బోర్డు మెసేజ్ పంపేస్తుంది. రెండు ఒకేసారి మొదలుపెడితే ఐడీ నంబరు చిన్నదిగా ఉన్న మెసేజ్ గెలుస్తుంది, రెండోది తప్పుకుని మళ్లీ ప్రయత్నిస్తుంది, గెలిచిన దాంట్లో ఒక్క బిట్ కూడా చెడిపోదు. ల్యాబ్‌లో ఆసిల్లోస్కోప్ (తీగలో సిగ్నల్‌ని గీతగా చూపే పరికరం) పెట్టి చూడండి: రెండు బోర్డులూ బిట్టు బిట్టుకీ జోడుగా నడుస్తాయి, ఒకటి 0, ఇంకొకటి 1 పెట్టిన చోట 1 పెట్టింది టక్కున ఆగిపోతుంది. ఎన్నిసార్లు చూసినా నాకు ముచ్చటేస్తుంది.

చిక్కల్లా రద్దీ పెరిగినప్పుడే. పెద్ద నంబరు మెసేజ్ ఎంతసేపు ఆగాలో లెక్క కట్టొచ్చు గానీ, కొత్త బోర్డు ఒక్కటి తగిలిస్తే లెక్కంతా మళ్లీ మొదటికొస్తుంది.

వియన్నాలో పరిశోధకుడు హెర్మన్ కోపెట్జ్ బృందం పట్టుకున్న టైమ్ ట్రిగర్డ్ దారిలో ఆ టెన్షన్ లేదు. అన్ని బోర్డుల గడియారాలూ కలిసి నడుస్తాయి, ఎవరి వంతు వాళ్లకి ముందే రాసి ఉంటుంది, వంతు వచ్చినా నోరు విప్పని బోర్డు పాడైందని మిగతావాటికి వెంటనే తెలిసిపోతుంది. కాకపోతే కొత్తగా చెప్పడానికేమీ లేకపోయినా ఆ వంతు ఇంకెవరికీ దక్కదు, షెడ్యూల్ మొత్తం ముందే కూర్చుని వేసుకోవాలి.

కారు అద్దాలు, లైట్లు, సెన్సార్లకైతే కళ్లు మూసుకుని క్యాన్ పెట్టేస్తాను. బ్రేకులు, విమానం కంట్రోళ్లు అయితే మాత్రం రెండోదే.