పాపాయి దుప్పటికి ఏ అల్లిక మేలు: గార్టరా, సీడా, బాస్కెట్ వీవా?

పాపాయికి దుప్పటి కప్పేటప్పుడు ముందూ వెనకా ఎవరూ చూసుకోరు. అందుకే రెండు వైపులా బాగుండే అల్లిక కావాలి. సూదులతో ఊలు అల్లేటప్పుడు ప్రధానమైన కుట్లు రెండు: ఊలును వెనక ఉంచి వేసేది నిట్, ముందుకు తెచ్చి వేసేది పర్ల్. ఒక వరస నిట్, ఒక వరస పర్ల్‌గా సాగే స్టాకినెట్ ఒకవైపు ఎంత నున్నగా ఉన్నా, అంచులు చుట్టుకుపోతాయి కాబట్టి దుప్పటికి పనికిరాదు. నిట్, పర్ల్ రెండు వైపులా సమంగా పడే అల్లికలు చదునుగా పరుచుకుంటాయి. వాటిలో కొత్తవాళ్లకు అందుబాటులో ఉన్నవి మూడు.

మొదటిది గార్టర్. ప్రతి వరసా నిట్టే. పర్ల్ రాకపోయినా దుప్పటి పూర్తవుతుంది, చిన్నచిన్న తప్పులు గట్ల మధ్య కనిపించవు. మెత్తగా, మందంగా వస్తుంది. అయితే సులువని చెప్పేవాళ్లు ఒక విషయం చెప్పరు. గార్టర్‌లో వరసలు బాగా దగ్గరగా కూర్చుంటాయి. రెండు వరసలు అల్లితే ఒక గట్టు వస్తుంది, దాని ఎత్తు దాదాపు ఒక కుట్టు వెడల్పంతే. 5 మి.మీ. సూదులతో 10 సెం.మీ.కు 18 కుట్లు పడే ఊలు తీసుకుంటే, 80 సెం.మీ. చదరపు దుప్పటికి 144 కుట్లు, సుమారు 288 వరసలు కావాలి. బాస్కెట్ వీవ్‌లో 10 సెం.మీ.కు 24 వరసలు వచ్చాయనుకుంటే 192 చాలు. దాదాపు వంద వరసల తేడా! ఊలు కూడా గార్టర్‌కే ఎక్కువ పడుతుంది. మొదటి దుప్పట్లు సగంలో ఆగిపోవడానికి ఇదొక పెద్ద కారణమని నా నమ్మకం.

సీడ్ అల్లిక చూపుకు చాలా అందంగా ఉంటుంది. ఒక నిట్, ఒక పర్ల్, మళ్లీ నిట్. బేసి సంఖ్యలో కుట్లు ఎక్కిస్తే ప్రతి వరసనూ నిట్‌తో మొదలుపెట్టి నిట్‌తోనే ముగించవచ్చు. ఒంటినిండా గింజలు చల్లినట్టు వస్తుంది. కానీ ప్రతి కుట్టుకూ ఊలును ముందుకూ వెనక్కూ తిప్పాలి, చేయి వేగం అందుకోదు. ఒక్క కుట్టు జారితే కింది నుంచి ఎక్కించేటప్పుడు ఏది నిట్, ఏది పర్ల్ అని ప్రతి మెట్టులోనూ చూసుకోవాలి. టోపీకో, దుప్పటి అంచుకో సీడ్ బాగుంటుంది. మొత్తం దుప్పటికి నేను సిఫారసు చేయను.

పర్ల్ వచ్చినవాళ్లకు నా ఓటు బాస్కెట్ వీవ్‌కే. 6 నిట్, 6 పర్ల్ చొప్పున 8 వరసలు అల్లి, తర్వాతి 8 వరసలకు వాటిని తారుమారు చేస్తే బుట్ట అల్లినట్టు గళ్లు వస్తాయి. 142 కుట్లు ఎక్కించండి: రెండు పక్కలా అంచుకు ఐదేసి, మధ్యలో పన్నెండేసి చొప్పున 11 జతలు. మధ్యభాగం పన్నెండుతో భాగించబడుతుంది కాబట్టి ఎటు తిప్పినా వరస 6 నిట్‌తోనే మొదలవుతుంది, ఆ 8 వరసలూ ఒకేలా అల్లుకుపోవచ్చు. తారుమారు చేసిన 8 వరసలకు 6 పర్ల్‌తో మొదలుపెడతాం. అంచు కుట్లు ఎప్పుడూ నిట్టే. తప్పు జరిగితే గడి ఆకారం చెడి వెంటనే కంటికి తెలుస్తుంది. గడి గడికీ పని ముందుకు సాగుతున్న తృప్తీ ఉంటుంది, పెద్ద పనికి అది చాలా అవసరం.

ఏ అల్లికైనా సర్క్యులర్ సూదులు, అంటే మధ్యలో వంగే తీగతో కలిపిన సూదుల జత, వాడండి. చేత్తో ఉతికే ఓపిక అందరికీ ఉండదు కాబట్టి మెషిన్‌లో వేయగల సూపర్‌వాష్ ఊలు గానీ, మంచి యాక్రిలిక్ గానీ మేలు. మామూలు ఊలు వేడి నీళ్లలో కుంచించుకుపోయి గట్టిపడుతుంది. కాటన్ చల్లగా ఉంటుంది కానీ బరువు, తడిస్తే సాగుతుంది. యాక్రిలిక్‌పై వేడి ఇస్త్రీ పెడితే గళ్లు అణిగిపోయి మళ్లీ లేవవు. కుచ్చులు, బొత్తాలు, వేళ్లు దూరేంత చిల్లులు పెట్టకండి. ఏడాది నిండే వరకు బిడ్డ నిద్రపోయే చోట విడి దుప్పటి వేయకూడదని పిల్లల వైద్యులు చెబుతారు. దీన్ని బిడ్డ మెలకువగా ఉన్నప్పుడు, మీరు పక్కనే ఉండగా నేలమీద పరచడానికీ, మీ ఒళ్లో కప్పడానికీ వాడండి.