జాగ్రత్త: స్మోకర్ థర్మామీటర్ కొంటే వాపసు గడువు లోపలే మరిగే నీళ్లలో పెట్టి చూడండి

మాంసాన్ని పొగలో నిదానంగా ఉడికించే స్మోకర్‌లో వేడిని దూరం నుంచి చూసుకునే థర్మామీటర్ గానీ, ఫ్యాన్‌తో నిప్పును అదుపు చేసే టెంపరేచర్ కంట్రోలర్ గానీ కొనాలని చూస్తున్నవాళ్లు డబ్బు కట్టే ముందు ఇది చదవండి. ఇప్పటికే కొని ఉంటే, వాపసు గడువు ఇంకా ఎన్ని రోజులుందో ముందు చూసుకుని తర్వాత చదవండి.

నేను తిరుపతిలో ఉంటాను. చంద్రగిరి దగ్గర మా బామ్మర్ది మామిడితోటలో వెల్డింగ్ షాపులో చేయించిన డ్రమ్ము స్మోకర్ ఉంది. ఇంట్లో ఏ వేడుక జరిగినా మటన్ తొడ, కోళ్లు అందులోనే చేస్తాం. గంటల తరబడి పొగ దగ్గర కూర్చోలేక ఆన్‌లైన్‌లో ఒక సెట్ తెప్పించాను. కంట్రోలర్, చిన్న ఫ్యాన్, డ్రమ్ము లోపలి వేడికి ఒక ప్రోబ్ (వేడిని పసిగట్టే వైరున్న పుల్ల), మాంసంలో గుచ్చడానికి రెండు ప్రోబ్‌లు, ఫోన్‌లో యాప్. ధర తొమ్మిది వేల పైచిలుకు. 150 మీటర్ల రేంజ్ అని, ఒక్క డిగ్రీ కూడా తేడా రాదని పేజీలో రాశారు. కరెంటు పోయి వస్తే సెట్ చేసిన వేడి గుర్తుంటుందా అని కొనే ముందే అడిగాను. ఉంటుంది సార్ అని రాతపూర్వకంగానే జవాబిచ్చారు. అమ్మినవాళ్ల పేరు ఇక్కడ రాయడం లేదు. అచ్చం అదే డబ్బా వేరే వేరే పేర్లతో కూడా కనిపిస్తోంది, కాబట్టి పేరు కంటే లోపం ఎక్కడుందో తెలియడమే మీకు పనికొస్తుంది.

కంట్రోలర్ ఎలా పనిచేస్తుందో ముందు చెబుతాను, లేకపోతే మిగతాది అర్థం కాదు. బొగ్గుకు గాలి అందితే మండుతుంది, అందకపోతే మందగిస్తుంది. ప్రోబ్ చెప్పిన వేడి మనం పెట్టిన అంకె కంటే తక్కువుంటే కంట్రోలర్ ఫ్యాన్ తిప్పుతుంది. దగ్గరికొచ్చే కొద్దీ నిదానిస్తుంది, దాటితే ఆపేస్తుంది. దానికి కళ్లూ చెవులూ ఆ ప్రోబే. ప్రోబ్ తక్కువ చూపిస్తే ఫ్యాన్ ఊదుతూనే ఉంటుంది, లోపల మాంసం మాడుతున్నా దానికి తెలియదు.

మాకు జరిగింది అదే. పొగలో నిదానంగా ఉడికించడానికి మామూలుగా 107 నుంచి 121 డిగ్రీల మధ్య పెడతారు. మేం 120 పెట్టాం. స్క్రీన్ మీద 119, 120, మళ్లీ 119. చూడ్డానికి ఎంతో బాగుంది. కానీ మా బామ్మర్ది పొగగొట్టం దగ్గర చెయ్యి పెట్టి, "బావా, ఇది నూట ఇరవై వేడి కాదు" అన్నాడు. మూత తీస్తే తొడ మీద పట్టించిన మసాలా అప్పటికే నల్లగా పెచ్చు కట్టింది. అంచుల్లో మాంసం ఎముక నుంచి వెనక్కి ముడుచుకుపోయింది, కింద ట్రేలో కారిన కొవ్వు పొగలు కక్కుతోంది. ఇంట్లోంచి ఓవెన్‌లో పెట్టే ముల్లు థర్మామీటర్ తెచ్చి జాలీ మీద ప్రోబ్ పక్కనే పెట్టాం. మూత వేసి కాసేపాగి చూస్తే ముల్లు 140 దగ్గర నిలబడింది. కంట్రోలర్ మాత్రం 120 అనే చెబుతోంది.

ఇంటికొచ్చాక ప్రోబ్‌ను సరిగ్గా పరీక్షించాను. గ్లాసు నిండా నలగ్గొట్టిన ఐసు వేసి, సందులు నిండేటంత నీళ్లు పోసి, కలిపి, కొన గ్లాసుకు తగలకుండా మధ్యలో పెట్టాలి. అక్కడ సున్నా చూపించాలి. ఇది 3 చూపించింది. గదిలో పెడితే గది వేడి సరిగ్గానే చెప్పింది. తెర్లుతున్న నీళ్లలో పెడితే 88. తిరుపతి సముద్ర మట్టానికి సుమారు 150 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి ఇక్కడ నీళ్లు దాదాపు 99.5 దగ్గర మరుగుతాయి. చిత్తూరులో 99కి కాస్త అటూ ఇటూ, మదనపల్లెలో 98కి కొంచెం లోపు, హార్స్‌లీ హిల్స్ మీద అయితే 96 దగ్గర. మీ ఊరి అంకె పెట్టుకుని చూడండి, అందరికీ నూరే రావాలని లేదు. ఒకటి రెండు డిగ్రీల తేడా సర్దుకోవచ్చు. పదకొండు డిగ్రీలంటే ఆ వస్తువు పనికిరాదు.

గదిలో సరిగ్గా చూపించి వేడిలో ఎందుకు తప్పిందో మీరంతా తెలుసుకోవాలి, మోసం పట్టుబడకుండా పోయేది ఇక్కడే. ఈ ప్రోబ్‌లలో ఎక్కువ వాటి కొనలో థర్మిస్టర్ అనే చిన్న పూస ఉంటుంది. వేడెక్కే కొద్దీ దాని నిరోధం (కరెంటును అడ్డుకునే గుణం) తగ్గుతుంది, ఆ తగ్గుదలను కంట్రోలర్ డిగ్రీల్లోకి మారుస్తుంది. ఎంత వేడికి ఎంత తగ్గుతుందనే లెక్క ఒక్కో రకం పూసకు ఒక్కోలా ఉంటుంది. 25 డిగ్రీల దగ్గర రెండు రకాల పూసలూ ఒకే నిరోధం చూపించవచ్చు, అక్కడి నుంచి పైకి వెళ్లే కొద్దీ విడిపోతాయి. ఒక రకానికి రాసిన లెక్కతో ఇంకో రకం పూసను చదివితే మా ప్రోబ్‌లాగే వస్తుంది. గదిలో నిక్కచ్చి, ఐసులో కాస్త తేడా, మరిగే నీళ్లలో పెద్ద తేడా, నిప్పు దగ్గర ఇంకా పెద్ద తేడా. అందుకే అమ్మేవాళ్లు వీడియోలో 28 డిగ్రీలు చూపించి "చూడండి ఎంత కరెక్టో" అంటే నమ్మకండి. ఒక కంపెనీ కంట్రోలర్‌కు ఇంకో కంపెనీ ప్రోబ్ కొని పెట్టడం కూడా ఇందుకే కుదరదు. పిన్ను సరిపోయినంత మాత్రాన లెక్క సరిపోదు.

మాకు మాంసం మాడింది, అంతటితో పోయింది. ఇదే తేడా ఎదురు దిక్కులో ఉంటే ఆసుపత్రి పాలయ్యేవాళ్లం. కోడి లోపల, మందంగా ఉన్న చోట 74 డిగ్రీలు రావాలి. ప్రోబ్ ఎక్కువ చూపించే రకమైతే స్క్రీన్ మీద 74 కనిపించినా ఎముక పక్కన మాంసం పచ్చిగానే ఉంటుంది. 5 నుంచి 60 డిగ్రీల మధ్య సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి, నిదానంగా ఉడికించే పద్ధతిలో మాంసం ఆ మధ్యలో ఎక్కువసేపు ఉండిపోకుండా చూసుకోవాలి. పిల్లలూ పెద్దవాళ్లూ తినే వంట ఇది. అంకె తప్పితే ఊరుకునే విషయం కాదు.

ఇక రేంజ్ సంగతి. 150 మీటర్లన్నది మధ్యలో ఏ అడ్డూ లేని మైదానంలో లెక్క. మా తోటలో డ్రమ్ముకూ వసారాకూ మధ్య ఒక్క గోడే ఉంది, ఆ గోడ దాటితే సిగ్నల్ లేదు. అది కూడా సర్దుకునేవాణ్ణి. కానీ సిగ్నల్ తెగిన సంగతి యాప్ చెప్పలేదు! చివరగా అందిన 118 అనే అంకెనే పట్టుకుని కూర్చుంది. రంగు మారదు, బీప్ లేదు, "కనెక్షన్ లేదు" అన్న మాట లేదు. చూసేవాళ్లు లోపల అంతా బాగుందనే అనుకుంటారు. కొనే ముందు అడగాల్సినవాటిలో నేను మొదట పెట్టేది ఇదే: సిగ్నల్ పోతే అలారం మోగుతుందా? మోగని వస్తువు ఎంత చవకైనా వద్దు. బ్లూటూత్‌కు గోడలూ ఇనుప మూతలూ బాగా అడ్డు. డిస్‌ప్లే విడిగా చేతిలో పట్టుకుని తిరిగే 433 మెగాహెర్ట్జ్ రేడియో రకానికి గోడలు అంత అడ్డు కావు. వైఫై రకాల్లో చాలావాటికి 2.4 గిగాహెర్ట్జే పడుతుంది, మీ రూటర్‌లో అది ఆన్‌లో ఉండాలి, తోట దాకా అందాలి.

కరెంటు విషయంలోనూ మాటిచ్చినట్టు లేదు. తోటలో కరెంటు పోయి వచ్చింది. వచ్చాక కంట్రోలర్ దానంతట అది తిరిగి మొదలవలేదు, మెనూలో ఆగిపోయి ఎవరైనా బటన్ నొక్కుతారా అని ఎదురుచూస్తోంది. ఫ్యాన్ లేదు, నిప్పు చల్లారుతోంది. ఇలాంటి ఫ్యాన్‌లు ఎక్కువగా 12 వోల్టులవి కాబట్టి 12 వోల్టుల బ్యాటరీ గానీ రూటర్‌కు వాడే చిన్న యూపీఎస్ గానీ తగిలించవచ్చు. అయినా ప్లగ్గు తీసి మళ్లీ పెట్టి, పాత సెట్టింగ్‌తోనే లేస్తుందో లేదో వచ్చిన రోజే చూసుకోండి.

ఇవన్నీ వీడియోలు తీసి పంపితే అమ్మినవాళ్లు ఏమన్నారంటే, ప్రోబ్‌కు మసి అంటింది కాబట్టి "వాడేసిన వస్తువు, వాపసు లేదు". స్మోకర్‌లో పెట్టే ప్రోబ్‌కు మసి అంటకుండా ఎలా ఉంటుంది? తర్వాత ఇంకో ప్రోబ్ పంపుతాం, కొరియర్ ఖర్చు మీదే అన్నారు. ఆ తర్వాత జవాబులే ఆగిపోయాయి. డబ్బా మీద చూస్తే దిగుమతి చేసినవాళ్ల పేరు లేదు, చిరునామా లేదు, ఏ దేశంలో తయారైందో లేదు. బయటి దేశం నుంచి వచ్చిన ప్యాకెట్ మీద ఇవి ఉండి తీరాలని చట్టం చెబుతోంది. డబ్బా చేతికి రాగానే ముందు చూడాల్సింది అదే.

మన దగ్గర ఇంకో ఉచ్చు కూడా ఉంది. కోడిగుడ్లు పొదిగించే ఇంక్యుబేటర్లకు వాడే ఎస్‌టీసీ-1000 రకం కంట్రోలర్‌ను "బార్బెక్యూకి కూడా పనికొస్తుంది" అని అంటగడుతున్నారు. ఇంక్యుబేటర్‌కు అది మంచి వస్తువే. కానీ అది చదివేది 99 డిగ్రీల వరకే. స్మోకర్ పని మొదలయ్యేదే ఆ పైన. దాని సెన్సర్ కొన, వైరు కూడా నిప్పు దగ్గరికి తట్టుకునేవి కావు.

వైరు లేకుండా మాంసంలో పూర్తిగా దిగిపోయే పుల్లలాంటి ప్రోబ్‌లు కొనేవాళ్లు రెండు అంకెలూ చూడండి. మీటర్ (MEATER) అనే బ్రాండు పాత మోడళ్లనే తీసుకుంటే లోపలి కొన 100 డిగ్రీల వరకు, బయటి చివర 275 వరకు తట్టుకుంటుందని కంపెనీయే చెబుతుంది. ప్రోబ్ మీదున్న గీత వరకు మాంసంలోకి దిగకపోతే కొన పాడవుతుంది, మంట నేరుగా తగిలితే చివర పాడవుతుంది. వైరున్న ప్రోబ్‌లకు వైరే ప్రాణం. మూత అంచు కింద నలిగినా, వైరు కలిసే చోట నీళ్లు దిగినా పని అయిపోయినట్టే. పరీక్షలో కూడా కొన మాత్రమే ముంచండి, కుళాయి కింద కడగకుండా తడిగుడ్డతో తుడవండి.

అమెరికాలో ఉన్న పిల్లలతోనో చుట్టాలతోనో తెప్పించుకునేవాళ్లు మన వైపు చాలామంది ఉంటారు. అడాప్టర్ మీద 100-240 వోల్టులు అని ఉందో లేదో చూడమనండి, 120 మాత్రమే ఉంటే ఇక్కడ పెట్టగానే కాలిపోతుంది. అక్కడి కొన్ని మోడళ్లు 915 మెగాహెర్ట్జ్ మీద నడుస్తాయి. మన దేశంలో లైసెన్స్ లేకుండా వాడుకునేవి 433, 865-868, 2.4 గిగాహెర్ట్జ్ లాంటివి, 915 అందులో లేదు. వారంటీ కూడా ఇక్కడ చెల్లుతుందో లేదో అడగాలి.

వస్తువు రాగానే డబ్బా విప్పడం మొదలు వీడియో తీయండి. అదే వీడియోలో ఐసు నీళ్లు, మరిగే నీళ్లు, మూడు ప్రోబ్‌లూ వంతులవారీగా. గోడ అవతలికి నడిచి సిగ్నల్, ప్లగ్గు తీసి పెట్టి కరెంటు. మాంసం, మసి ఏదీ దగ్గరికి రాకముందే ఇది ముగించండి. ఆ తర్వాత కూడా మొదటిసారి డ్రమ్ములో ఖాళీగా, బొగ్గు మాత్రమే వేసి, పక్కన ఇంకో థర్మామీటర్ పెట్టి చూడండి. డ్రమ్ము మూత దగ్గర సందులుంటే ఎంత మంచి కంట్రోలరైనా నిప్పును ఆపలేదు, ఫ్యాన్ ఆగినా సందుల్లోంచి గాలి దూరుతుంది. అది వస్తువు లోపం కాదు, ముందు సందులు మూయించుకుని అప్పుడు తప్పొప్పులు లెక్కపెట్టండి.

నా ఫిర్యాదు 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదైంది. ఆన్‌లైన్ అమ్మకాల వేదికలకు ఫిర్యాదుల అధికారి ఉండాలి, 48 గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెలలోగా తేల్చాలి. ఇది 2020 నాటి ఈ-కామర్స్ నియమాల్లో ఉన్న మాట. అక్కడా తేలకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మనం ఉండే జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు, అమ్మినవాడు ఏ రాష్ట్రంలో ఉన్నా సరే. రెండేళ్లలోపు వేయాలి. ఐదు లక్షల లోపు విలువకు ఫీజు లేదు, లాయర్ తప్పనిసరి కాదు. బిల్లు, పేజీ స్క్రీన్‌షాట్లు, వాళ్లు రాసిన "ఉంటుంది సార్" అన్న మెసేజ్, డబ్బా ఫొటోలు అన్నీ దాచి పెట్టుకున్నాను. హెల్ప్‌లైన్‌లో తేలకపోతే కమిషన్‌కే వెళ్తాను.

మీ దగ్గర ఇలాంటి సెట్ ఉండి, మరిగే నీళ్లలో 95 కంటే తక్కువ చూపిస్తే, ఏ ప్రోబ్ ఎంత చూపించిందో, డబ్బా మీద దిగుమతిదారు పేరుందో లేదో కింద రాయండి. మీ ఫోన్ నంబర్లు, ఆర్డర్ నంబర్లు మాత్రం ఇక్కడ పెట్టకండి.