డిస్టిల్లేషన్ సెట్‌కు గాజు కిటికీలు: కొన్నేళ్లు వాడాక నా అభిప్రాయం

ఇంట్లో పూలు, ఆకుల నుంచి సువాసన తైలం, హైడ్రోసోల్ (తైలంతో పాటు దిగే సువాసన నీరు) తీసేవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు వచ్చే సందేహమే ఇది. స్టీలు కుండకు, దాని మెడకు గాజు కిటికీలు పెట్టించుకోవాలా, అవసరం లేదా? నేను కొన్నేళ్లుగా కిటికీలున్న సెట్‌తోనే పనిచేస్తున్నాను. కుండకు నీటిమట్టం దగ్గర ఒకటి, మెడలో ఎదురెదురుగా రెండు పెట్టించుకోమనే చెప్తాను. కాలమ్ (కుండ మీద ఆవిరి ఎక్కే నిలువు గొట్టం) మొత్తం గాజుతో చేసిన సెట్లు మాత్రం వద్దు.

ఎందుకంటే ఈ పనిలో థర్మామీటర్ మనకు పెద్దగా ఏమీ చెప్పదు. ఆల్కహాల్ తీసేచోట ఆవిరి వేడి మెల్లగా పెరుగుతూ లోపలి సంగతి కొంత బయటపెడుతుంది (లైసెన్సు లేకుండా ఇంట్లో ఆల్కహాల్ తీయడం చాలా దేశాల్లో నేరం. నేను చెప్పేది తైలాల గురించే). నీటితో తైలం తీసేటప్పుడు ముల్లు మొదటి నుంచి చివరి దాకా 100 డిగ్రీల దగ్గరే నిలబడి ఉంటుంది. కుండలో నురగ పొంగుతున్నా అంతే, నీళ్లు అడుగంటుతున్నా అంతే. ఆ రెండూ కంటితో చూడాల్సిందే.

నురగ సంగతి మెడలోని కిటికీలో తెలుస్తుంది. మొదట గాజు మసకబారుతుంది. లోపలంతా వేడెక్కాక మసక పోయి పల్చటి నీటి పొర జారుతూ కనిపిస్తుంది. పెద్ద పెద్ద చుక్కలు వచ్చి గాజుకు కొడుతున్నాయంటే పొంగు దగ్గరపడినట్టు. వెంటనే మంట తగ్గించాలి. రంగు నురగ కనిపించేదాకా ఆగితే అది ఆవిరిని చల్లార్చి నీరు చేసే కండెన్సర్‌లోకి వెళ్లిపోతుంది. అప్పుడు హైడ్రోసోల్‌కు ఉడికిన ఆకు వాసన పడుతుంది, తైలం నీటితో కలిసి పాలలా తెల్లబడి ఎంతకీ విడిపోదు. గులాబీ రేకుల్లాంటివి నీళ్లలోనే వేసి మరిగించేవాళ్లకు ఈ కిటికీ చాలా టెన్షన్ తగ్గిస్తుంది. మెడలో ఒక్కటే పెడితే లాభం లేదు, లోపల చీకటి తప్ప ఏమీ కనిపించదు. ఒకవైపు నుంచి టార్చ్ వేసి రెండోవైపు నుంచి చూడాలి.

కుండ కిటికీ ఎక్కడ పెట్టాలన్నది ఇంకా ముఖ్యం. హీటర్ కాయిల్ కుండ లోపలే ఉంటే, కిటికీ కింది అంచు కాయిల్ కంటే బాగా పైన ఉండాలి. నీళ్లు ఆ అంచుకు దిగినప్పుడు కూడా కాయిల్ మునిగే ఉంటుంది, ఆపడానికి మనకు సమయం దొరుకుతుంది. ఆకులు పైన బుట్టలో ఉండి కింద ఉత్త నీళ్లే మరిగే సెట్ అయితే, బయట నిలువుగా పెట్టే లెవెల్ ట్యూబ్ చాలు, ఖర్చూ తగ్గుతుంది. ఆకులు నీళ్లలోనే వేస్తే మాత్రం ఆ ట్యూబ్ పిప్పితో పూడుకుపోతుంది.

డబ్బు ఒక్క గాజు వస్తువుకే సరిపోతే, ముందు తైలం విడిపోయే సెపరేటర్‌ను గాజుది కొనండి. నిమ్మగడ్డి తైలం పైన తేలుతుంది, లవంగ తైలం నీటికంటే బరువు కాబట్టి అడుగుకు చేరుతుంది. వట్టివేరు తైలం బరువు నీటికి చాలా దగ్గర, తేలుతుందో మునుగుతుందో చూస్తే గానీ చెప్పలేం. కనిపించని పాత్రలో వీటిని వేరుచేయడం చాలా కష్టం.

గాజు విషయంలో బోరోసిలికేట్ తప్ప ఇంకేదీ వద్దు. మామూలు గాజుతో పోలిస్తే వేడికి అది మూడో వంతే వ్యాకోచిస్తుంది. చుట్టూ ఉన్న స్టీలు మాత్రం బోరోసిలికేట్‌కు ఐదు రెట్లు వ్యాకోచిస్తుంది. ఆ తేడా అంతా మధ్యలోని గాస్కెట్ (సందు మూసే మెత్తటి రింగు) భరించాలి. అందుకే క్లాంప్ చేత్తో బిగిస్తే చాలు, పానా అక్కర్లేదు. సిలికాన్ గాస్కెట్ మెత్తగా బాగానే కూర్చుంటుంది గానీ తైలాన్ని పీల్చుకుని ఉబ్బుతుంది. ఒకసారి లవంగం తీశాక దాని వాసన తర్వాతి పూల నీటిలోనూ వస్తుంది. టెఫ్లాన్ వాసన పట్టదు, కానీ వేడికి నెమ్మదిగా అణిగిపోయి వదులవుతుంది. నేను టెఫ్లానే వాడతాను, పని మొదలుపెట్టే ముందు ప్రతిసారీ క్లాంపులు సరిచూసుకుంటాను. అక్రిలిక్ పలకలు చవకే, కానీ ఆవిరి వేడికి మెత్తబడతాయి. వాటి జోలికి వెళ్లొద్దు.

చిన్న కిటికీల వల్ల వేడి పోతుందని కొందరు భయపడతారు. నాకు తేడా కనిపించలేదు. పొడవాటి గాజు కాలమ్ సంగతి వేరు. దానికి దుప్పటి చుట్టలేం, చుడితే ఇక గాజు ఎందుకు? ఆవిరి దారిలోనే చల్లబడి కుండలోకి తిరిగి కారుతుంది, బరువైన తైలాలు బయటికి రావడానికి చాలాసేపు పడుతుంది.

గాజు మీద పట్టే తెల్లటి పొర గోరువెచ్చటి సిట్రిక్ యాసిడ్ నీళ్లకు పోతుంది. పీచుతో రుద్దితే గీతలు పడతాయి, పగుళ్లు అక్కడే మొదలవుతాయి. వేడిగా ఉన్న గాజు మీద చన్నీళ్లు పడనివ్వకండి. ఆవిరి బయటికి పోయే దారి ఎప్పుడూ తెరిచే ఉండాలి, ఈ కిటికీలు పీడనాన్ని ఆపడానికి పెట్టినవి కావు.

ఉన్న కుండకే కిటికీ పెట్టించేవాళ్లు వెల్డింగ్ అయ్యాక ఒక పని చేయండి. వేడికి, గాజు కూర్చునే స్టీలు రింగు అంచు వంకర తిరగొచ్చు. చదునైన అద్దం ముక్క దాని మీద ఆనించి వెనక నుంచి లైటు వేయండి. సందులోంచి వెలుతురు కనిపిస్తే గాజు బిగించకుండా, అంచు చదును చేయమని వెనక్కి ఇచ్చేయండి.