ముక్తినాథ్ దారిలో ఊరి కరెంటు

నెల్లూరు నుంచి నేపాల్‌లోని ముక్తినాథ్ యాత్రకు పోయేవాళ్లు పోఖరాలో ఒక రాత్రి పడుకుని, తెల్లారగానే బేనీ రోడ్డు పట్టేస్తారు. ఆ రోడ్డుకు కాస్త పక్కన బాగ్లుంగ్. అక్కడ కలుంగ్ ఖోలా వాగు వెంబడి ఊళ్లవాళ్లే నడుపుకునే ఆరు చిన్న కరెంటు కేంద్రాలను ఒకే లైనుకు కలిపారు. అన్నీ కలిపితే 107 కిలోవాట్లు. రెండు రోజులు పెట్టొచ్చు.

బస పోఖరాలోనే సుఖం, కానీ అక్కడ చూసేది సరస్సు. బాగ్లుంగ్ బజారు లాడ్జీలు నిద్రకు సరిపోతాయి, అంతే. కేంద్రం చూడాలంటే ఊళ్లో ఇంటి బసే మేలు. పొద్దునా రాత్రీ పప్పూ అన్నమే. పులుసు దొరకదు, కాబట్టి గోంగూర పచ్చడి సీసా మర్చిపోవద్దు. వానాకాలంలో జీపు బాట బురద. దసరా సెలవుల్లో బస్సుల్లో సీట్లుండవు. కార్తీకం మంచిది.

పొద్దున్నే కాలవ గట్టు వెంట నడవాలి, అసలు పనంతా అక్కడే. వాగుకు చిన్న అడ్డకట్ట, కాలవ, ఇసుక తేరే తొట్టి, చెత్త ఆపే ఊచల జల్లెడ, కిందికి దిగే గొట్టం, చివర టర్బైను. నీళ్లు దూకే ఎత్తు మీటర్లలో, నీళ్లు సెకనుకు లీటర్లలో తీసుకుని రెంటినీ గుణించి ఐదుతో హెచ్చవేస్తే దాదాపు వాట్లు వస్తాయి. 40 మీటర్లు, 100 లీటర్లయితే 20 కిలోవాట్లు. తొట్టి ఇసుక తియ్యకపోతే అది టర్బైను రెక్కల్నీ బేరింగుల్నీ అరగదీస్తుంది. వానల్లో కొండచరియ జారి కాలవ తెగితే ఇంటికొక మనిషి పారతో రావాల్సిందే. యంత్రం కొనడం ఒకసారి పని. ఈ వంతులూ నెలనెలా వసూలూ ఆగితే మాత్రం కేంద్రం మూతపడినట్టే.

సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది మధ్య యంత్రం గదికి వెళ్లండి. ఆపరేటర్ని మనం 'అన్నా' అన్నట్టు 'దాయ్' అని పిలిచి, అడిగే లోపలికి పోవాలి. తిరిగే బెల్టు దగ్గర కండువా, చీరకొంగు జాగ్రత్త. ఇళ్లలో వాడకం తగ్గితే మిగిలిన కరెంటును కంట్రోలరు నీళ్లలో ముంచిన హీటర్లకు మళ్లిస్తుంది. ఆ హీటర్లు కాలిపోతే టర్బైను వేగం ఎక్కి ఊరి బల్బులు పేలతాయి. పిడుగు పడితే మొదట పోయేదీ కంట్రోలరే. అందరూ ఒకేసారి రైస్ కుక్కర్ పెడితే దీపాలు మసకబారతాయి, విసుక్కోవద్దు.

సర్కారు లైను ఊరికి వచ్చిందంటే వాడకందార్లు అటు పోతారు, ఈ కేంద్రాలకు పెద్ద గండం అది. అయితే నేపాల్‌లోనే నువాకోట్ జిల్లాలోని 23 కిలోవాట్ల స్యౌరేభూమి కేంద్రం 2018లో ఆ లైనుకే కలిసి కరెంటు అమ్ముకోవడం మొదలెట్టింది.

మన పెంచలకోన జలపాతం దగ్గర ఇలాంటిది పెట్టొచ్చా అని అడిగేవాళ్లున్నారు. వానలప్పటి దూకుడు చూసి కాదు, వైశాఖంలో బ్రహ్మోత్సవాలప్పటి ధార కొలిచి లెక్క కట్టాలి. ఒక బకెట్టు, చేతి గడియారం చాలు.